ఓడలలో తలలెక్క

మన పల్లెలలో చెరువుకట్టకు మట్టి వేయించునపుడు గాని, కాలువ త్రవ్వించునపుడు గాని ఒక చిత్రమైన దృశ్యము కానవచ్చెడిది. గోతుల నడుమ అచ్చటచ్చట మట్టిదిమ్మలు ఎత్తుగా నిలిచియుండెడివి. అవి కూలీలు మరచి విడిచినవి కావు. త్రవ్వకమునకు ముందు నేల ఎంత ఎత్తున నుండెనో చూపుటకై కావలెనని విడిచినవి. ఓవర్సియరు వచ్చి, దిమ్మ తలనుండి గోతి అడుగువరకు టేపు పట్టించి, పొడవు వెడల్పు లోతులను కొలతల పుస్తకమున వ్రాసికొనును. ఆ అంకెలను బట్టియే కంట్రాక్టరునకు పైకము ముట్టును. మట్టిపనికి ఇది చక్కని ఏర్పాటు. దిమ్మ అబద్ధమాడదు.

అయితే ప్రభుత్వము కంట్రాక్టునకు ఇచ్చు పనులన్నియు మట్టిపనులు కావు. రోగులకు భోజనము పెట్టుట, పిల్లలకు చదువు చెప్పించుట, మనుష్యులను ఒకచోటినుండి మరియొకచోటికి క్షేమముగా చేర్చుట వంటి పనులను కూడ ప్రభుత్వములు పరులకు అప్పగించుచు వచ్చినవి. అట్టి పనిలో మంచిచెడ్డలను దేనితో కొలువవలెను? ఎచ్చట నిలిచి కొలువవలెను? కొలుచువాడెవడు? ఈ మూడు ప్రశ్నలకు సమాధానము కనుగొనుటకు బ్రిటిషు ప్రభుత్వమునకు పాతికేండ్లు పట్టినది. ఆ పాఠమునకు వెల చెల్లించినవారు మాత్రము పాలకులు కారు, కంట్రాక్టర్లును కారు. ఓడల అడుగుఅరలలో సంకెళ్లతో పడియున్న ఖైదీలు. ఆ చరిత్రను, దాని కొనసాగింపుగా మన తీరమునుండి బయలుదేరిన ఓడల చరిత్రను మేమిచ్చట వివరించుచున్నాము.

18వ శతాబ్దమున ఇంగ్లండులో నేరస్థులకు ద్వీపాంతరవాసము సాధారణమైన శిక్ష. అమెరికా వలసరాజ్యములు 1775లో తిరుగబడువరకు ఖైదీలను అట్లాంటిక్ సముద్రము దాటించి అచ్చటికే పంపుచుండిరి. తీసికొనిపోయిన వర్తకుడు వారి చాకిరిని కొన్ని యేండ్ల కాలమునకు అచ్చటి భూస్వాములకు అమ్ముకొనెడివాడు. ఆ వ్యాపారమున దయకు చోటు లేదు. కాని ఖైదీ ప్రాణములతో ఒడ్డు చేరిననే గాని వర్తకునకు డబ్బు లేదు. యుద్ధముతో ఆ దారి మూసికొనిపోయినది. 1776 నుండి ఖైదీలను పాత ఓడలలో, థేమ్సు నది మీదను రేవులలోను బంధించి ఉంచిరి. అవి క్రిక్కిరిసినవి, జ్వరములకు నెలవులైనవి. చివరకు ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్సునకు పంపుటకు నిశ్చయించిరి. అచ్చట చాకిరిని కొనువారెవ్వరును లేరు. అందుచేత ఓడ బాడుగ, తిండి, బట్ట సమస్తమునకు ప్రభుత్వమే కంట్రాక్టరునకు చెల్లింపవలసి వచ్చినది. వర్తకుని లాభమునకు, ఖైదీ ప్రాణమునకు నడుమనున్న ముడి ఇచ్చట తెగినది. తెగినట్లు ఆనాడెవ్వరును గుర్తింపలేదు.

మొదటి ప్రయాణము సవ్యముగనే సాగినది. 1787 మే 13వ తేదీన పోర్ట్స్‌మత్ నుండి పదునొకండు ఓడలు బయలుదేరినవి. కంట్రాక్టరు విలియం రిచర్డ్సు. నాయకుడు కెప్టెన్ ఆర్థర్ ఫిలిప్, ఆ వలసకు గవర్నరుగా నియమింపబడినవాడు. ఆయన బయలుదేరుటకు ముందే తాజా మాంసము కొరకును, కూరల కొరకును అధికారులతో పోరాడెను. త్రోవలోని రేవులలో ఓడలను ఆపి, తాజా ఆహారమును నింపించెను. ఎనిమిది మాసముల ప్రయాణమున సుమారు 1,400 మందిలో మరణించినవారు యాబదికి లోపు. ఆ దినములలో అది అరుదైన ఫలితము. కాని అది కంట్రాక్టు గొప్పతనము కాదు. ఖైదీలు బ్రతికి చేరిననే తన వలస నిలుచునని యెరిగిన అధికారి ఒకడు ఆ ఓడలలోనే యుండెను.

రెండవ దఫా ఓడలకు లండనులోని కామ్‌డెన్, కాల్వర్ట్, కింగ్ అను సంస్థతో ఒప్పందము కుదిరినది. బానిసల రవాణాలో చేయితిరిగిన సంస్థ అది. తలకు 17 పౌనుల 7 షిల్లింగుల 6 పెన్నీలు. ఆ పైకము చెల్లించు విధమును శ్రద్ధగా గమనింపవలెను. ఓడలో గదులు, అడ్డుగోడలు అమర్చిన పిమ్మట 5 పౌనులు. సరకులు ఎక్కించి ఓడ సిద్ధమైన పిమ్మట 10 పౌనులు. మిగిలినది, సరకులు సిడ్నీలో అప్పగింపబడినవని అచ్చటి సామానుల అధికారి వ్రాసి యిచ్చిన పత్రము లండను చేరిన పిమ్మట.

ఇందులో కొలత లేదని యెవరనగలరు? మూడు మెట్లు కలవు. ప్రతి మెట్టున తనిఖీ కలదు. కడపటి వాయిదాకు రసీదు కూడ కలదు. అడ్డుగోడలను కొలిచిరి, పీపాలను లెక్కించిరి. ఖైదీలను మాత్రము ఎక్కునపుడు లెక్కించిరే గాని దిగునపుడు లెక్కింపలేదు. ఖైదీ బ్రతికినను చచ్చినను కంట్రాక్టరు పైకములో ఒక పెన్నీ యైనను తగ్గదు.

నెప్ట్యూన్, సర్‌ప్రైజ్, స్కార్‌బరో అను మూడు ఓడలు 1790 జనవరి 19వ తేదీన వేయిమందికి పైగా ఖైదీలతో బయలుదేరినవి. ప్రభుత్వము పక్షమున నౌకాదళపు ప్రతినిధి ఒక్కడు మాత్రము వానిలో నుండెను. ఆయనయు త్రోవలోనే మరణించెను. బానిసల ఓడలలో వాడెడి సంకెళ్లను ఖైదీల కాళ్లకు తగిలించిరి. రెండు చీలమండల నడుమ జానెడు చోటైన మెదలని ఇనుపకడ్డీ అది. అడుగుఅరలలోనికి నీరు చేరిన చోట్ల ఆ నీటిలోనే పడియుండిరి. తిండి తగ్గించిరి. ప్రక్కవాడు చనిపోయినచో ఆ సంగతి దాచి, వాని వంతు తిండిని మిగిలినవారు తినిన సందర్భములు కూడ కలవు.

జూన్ నెల చివర ఆ ఓడలు సిడ్నీ చేరునప్పటికి 260 మందికి పైగా మృతులైరి. ఒక్క నెప్ట్యూన్ ఓడలోనే సుమారు 500 మందిలో 158 మంది చనిపోయిరి. ఒడ్డు చేరినవారిలో దాదాపు 480 మంది రోగులు. నడువలేనివారిని సరకుల మూటలవలె త్రాళ్లతో దింపిరి. ఆసుపత్రి చాలక గుడారములు వేసిరి. కొలది దినములలో మరి నూరుమందికి పైగా ఒడ్డున చనిపోయిరి. ఆ సమయముననే ఓడల అధిపతులు ఒడ్డున అంగళ్లు తెరచి, తాము తెచ్చిన సరకులను హెచ్చు ధరకు అమ్ముకొనిరి.

కొలది దినముల ముందు అదే రేవు చేరిన మరియొక ఓడ కలదు. దాని పేరు లేడీ జూలియానా. అందులో రెండువందలకు పైగా స్త్రీ ఖైదీలు. ఆ కంట్రాక్టు మొదటి ఓడలకు గుత్తదారుడైన రిచర్డ్సుది. ఆ ఓడ త్రోవలో రేవులయందు ఆగుచు, తాజా ఆహారము తీసికొనుచు నెమ్మదిగా వచ్చినది. మరణించినవారు ఐదుగురు. సముద్రము ఒకటే, గమ్యము ఒకటే, కాలమును దాదాపు ఒకటే. కనుక గాలివానను గాని విధిని గాని నిందించుటకు వీలులేకపోయినది.

సర్‌ప్రైజ్ ఓడలో వచ్చిన విలియం హిల్ అను సైనికాధికారి ఈ ఘోరమునకు కారణమును తన లేఖలో విప్పి చెప్పెను. ఆయన మాటల సారాంశమిది: బానిసల వ్యాపారము దీనితో పోల్చినచో కరుణ గలది, అచ్చట బానిస బ్రతికినగాని యజమానికి లాభము లేదు, ఇచ్చట ఎంత త్వరగా చచ్చిన అంత తిండి మిగులును, అది అమ్ముకొనుటకు పనికివచ్చును.

ఈ ఆలోచన ప్రభుత్వమునకు తట్టనిది కూడ కాదు. అంతకు రెండేండ్ల ముందే, 1788లో, బ్రిటిషు పార్లమెంటు డాల్బెన్ చట్టమని ప్రసిద్ధమైన శాసనము చేసియుండెను. బానిసల ఓడలో మరణములు నూటికి రెండు మించనిచో ఓడ అధిపతికి 100 పౌనులు, వైద్యునకు 50 పౌనులు బహుమానము. నూటికి మూడు మించనిచో అందు సగము. కొలత తెలిసియే యుండెను. ఒక శాఖవారు ఎరిగిన సంగతి మరియొక శాఖవారి కంట్రాక్టులోనికి ప్రవేశింపలేదు.

నెప్ట్యూన్ అధిపతి డొనాల్డ్ ట్రెయిల్ మీదను, అతని ప్రధాన సహాయకుని మీదను లండనులో హత్యానేరము మోపబడినది. 1792లో ఇరువురును నిర్దోషులుగా విడువబడిరి. ఇంతకన్న విచారకరమైన విషయము వేరొకటి కలదు. సిడ్నీ వార్త లండనునకు చేరుటకు అనేక మాసములు పట్టెడి కాలమది. వార్త అందులోపలనే మూడవ దఫా ఓడల కంట్రాక్టు కూడ అదే సంస్థకు దక్కినది. 1791లో రెండువేల మందికి పైగా బయలుదేరగా 180 మందికి పైగా త్రోవలో మరణించిరి. ఫలితము తెలియుటకు ముందే తరువాతి పని అప్పగించుట యనగా, పరీక్ష దిద్దకయే పై తరగతికి పంపుటవంటిది.

అప్పటికి గాని పాలకులు మేలుకొనలేదు. ఖైదీలను దింపిన పిమ్మట, దిగినవారి సంఖ్యను బట్టి చెల్లించుటకై పైకములో కొంత భాగము నిలిపియుంచు పద్ధతిని కంట్రాక్టులలో చేర్చిరి. తలలెక్క జరుగు తావు ఇంగ్లండు రేవునుండి సిడ్నీ రేవునకు మారినది. తరువాతి కొన్ని ఓడలలో మరణములు బహుస్వల్పమైనవి. 1793లో ఐర్లండు నుండి వచ్చిన బాడింగ్‌టన్స్, షుగర్ కేన్ ఓడలలో ఇంచుమించు అందరును క్షేమముగా చేరిరి. మనుష్యులు మారలేదు, ఓడలును అంతగా మారలేదు, లాభము దాగియున్న తావు మారినది.

ఈ కథను చెప్పువారు తరచు ఇచ్చటనే ఆపుదురు. డబ్బు మెలిక సరిగా వేసిన చాలును, సర్వము చక్కబడునని నీతి చెప్పుదురు. చరిత్ర అంత సులభముగా ముగియలేదు. హిల్స్‌బరో అను ఓడ 1799 జూలైలో సిడ్నీ చేరినది. బ్రతికి దిగిన ప్రతి ఖైదీకి అదనపు పైకము ముట్టునను షరతు ఆ కంట్రాక్టులో కలదు. అయినను 300 మందిలో 95 మంది చనిపోయిరి. ఇంగ్లండులో వారిని బంధించిన పాత ఓడలలోనే జ్వరము రగులుచుండెను. జ్వరముతోడనే వారిని ఎక్కించిరి. బహుమానమున కాశపడిన కంట్రాక్టరైనను, తన చేతికి వచ్చునప్పటికే రోగగ్రస్తుడైన వానిని రక్షింపలేడు. కొలత చివర నున్నంత మాత్రమున చాలదు. మొదట ఏ స్థితిలో అప్పగించితిమో అదియు వ్రాసికొనవలెను. మట్టిపనిలో దిమ్మను విడుచుట ఎందులకో ఇచ్చట బోధపడును.

1814లో మరి మూడు ఓడలు కన్నులు తెరపించినవి. జనరల్ హ్యూయిట్‌లో 300 మందిలో 34 మంది, సర్రీలో 200 మందిలో 36 మంది మరణించిరి. త్రీ బీస్ ఓడలో మరణించినవారు పదిమందికి లోపే. తలలెక్క ప్రకారమైనచో ఇది మంచి ప్రయాణమే. కాని దిగినవారిలో 55 మందిని నేరుగా ఆసుపత్రికి మోసికొనిపోవలసి వచ్చినది. బ్రతికియుండుట వేరు, ఆరోగ్యముగా నుండుట వేరు. ఒక్క అంకె ఆ రెండింటి భేదమును చూపలేదు.

గవర్నరు మక్వారీ ఈ మూడు ఓడల విషయమున విచారణకు విలియం రెడ్‌ఫర్న్ అను వైద్యుని నియమించెను. రెడ్‌ఫర్న్ సామాన్యుడు కాడు. నౌకాదళమున వైద్యుడుగా నుండి, 1797లో నోర్ రేవున జరిగిన నావికుల తిరుగుబాటునకు తోడ్పడెనని శిక్షపడి, 1801లో తానే ఖైదీగా ఆ దేశమునకు వచ్చినవాడు. ఓడ అడుగుఅరలో గాలి ఎట్లుండునో ఆయనకు ఒకరు చెప్పనక్కరలేదు. బట్టలు, తిండి, గాలి, శుభ్రత, వైద్యము: ఒక్కొక్క అంశమును విడివిడిగా పరిశీలించి నివేదిక వ్రాసెను. అందులో ముఖ్యమైనది వైద్యుని గూర్చిన సూచన. అంతవరకు వైద్యుని నియమించువాడు ఓడ యజమాని, జీతమిచ్చువాడును అతడే. తన జీతమిచ్చువాని తప్పును పుస్తకమున వ్రాయువా డెవడు? వైద్యుడు నౌకాదళమునుండి రావలెను, ఓడ అధిపతికి లోబడినవాడు కారాదు, ఆయన మాటకు అధికారము ఉండవలెను అని రెడ్‌ఫర్న్ వాదించెను.

1815 నుండి అట్టి వైద్యాధికారులు ప్రతి ఓడలోను నియమింపబడిరి. ఖైదీలు డెక్కుమీదికి వచ్చిరా లేదా, తిండి తూకమునకు సరిగా అందినదా, అడుగుఅరలను కడిగి ఆరబెట్టిరా, ఎవరికి ఏ రోగము, ఏ మందు అను సంగతులను వారు దినచర్యగా వ్రాయవలెను. ప్రయాణము చివర ఆ పుస్తకమును అధికారులకు అప్పగింపవలెను. ఆ దినచర్యలలో అనేకము నేటికిని లండనులోని జాతీయ పత్రభాండారమున భద్రముగా నున్నవి. తరువాతి దశాబ్దములలో మరణములు, కొన్ని దుర్ఘటనలు మినహా, నూటికి ఒకటి చొప్పునకు దిగినవి. 1868లో చివరి ఖైదీల ఓడ పశ్చిమ ఆస్ట్రేలియా చేరునప్పటికి మొత్తము లక్షా అరువదివేల మంది ఆ సముద్రము దాటియుండిరి.

డబ్బు మెలిక ఒక్కటియే ఈ మార్పు తెచ్చినదని మేమనుకొనము. ఫలితము చూచి చెల్లించుట ఒకటి. పని జరుగుచుండగనే చూచు స్వతంత్రమైన కన్ను ఒకటి. చూచినది చూచినట్లు వ్రాయు పుస్తకము ఒకటి. ఈ మూడును కలిసిన పిమ్మటనే ఓడలు బాగుపడినవి.

అయినను మొదటి మెలికకే కీర్తి దక్కినది. 19వ శతాబ్ది నడుమ ఎడ్విన్ చాడ్విక్ వంటి సంస్కర్తలు ఈ ఓడల కథను ఉదహరించి, ప్రభుత్వపు పనులన్నింటికిని ఫలితమును బట్టియే చెల్లింపవలెనని వాదించిరి. 1862లో రాబర్ట్ లో అను మంత్రి ఇంగ్లండు పాఠశాలలకు ఆ సూత్రమును వర్తింపజేసెను. పిల్లల హాజరును బట్టియు, చదువుట, వ్రాయుట, లెక్కలు అను మూడింటి పరీక్షలో వారు చూపిన ప్రతిభను బట్టియు పాఠశాలకు గ్రాంటు. కొలది కాలములో ఈ పద్ధతి మన చెన్నపురి రాజధానికిని వచ్చినది. అరుగులమీద సాగు వీధిబడుల పంతుళ్లు ఇన్‌స్పెక్టరు పరీక్షలో నెగ్గిన పిల్లల సంఖ్యను బట్టి గ్రాంటు పొందసాగిరి. అందువలన కొన్ని బడులకు ఆదరువు దొరకినమాట నిజము. కాని పరీక్షకు వచ్చు పుటలను పిల్లలు అర్థము తెలియకయే వల్లించుట, పరీక్షింపని విషయములు మూలబడుట రెండు దేశములందును కానవచ్చినది. దేనికి డబ్బు ముట్టునో అదియే పండినది. ఇంగ్లండులో 19వ శతాబ్ది చివర ఆ పద్ధతిని విడిచిరి. 1904లో కర్జన్ ప్రభుత్వపు విద్యాతీర్మానము మన దేశమునను దానికి స్వస్తి చెప్పినది.

బడులకు ఈ విధముగా లెక్కలు కట్టుచున్న కాలముననే, చెన్నపట్టణము రేవునుండి మనుష్యులతో నిండిన ఓడలు బయలుదేరుచుండెను. చెరకుతోటలలో పనికి ఒప్పందముపై పోవు కూలీల ఓడలవి. దక్షిణాఫ్రికాలోని నేటాలు వలసకు మొదటి ఓడ ట్రూరో. అది 1860 అక్టోబరున చెన్నపట్టణము విడిచి, నవంబరు 16వ తేదీన డర్బను చేరినది. అందు 342 మంది. వారిలో తమిళులతోపాటు మన తెలుగువారును కలరు. కూలీల ఓడలలోను వైద్యాధికారి యుండుట, ప్రాణములతో దిగిన ప్రతి తలకు ఆయనకు ఇంతయని ముట్టజెప్పుట ఆచారమైనది. ఖైదీలు చచ్చి నేర్పిన పాఠమును కూలీల ఓడలలో అమలుపరచిరన్న మాట.

ఓడ క్షేమముగా చేరినది, తల లెక్కకు వచ్చినది, పుస్తకము మూయబడినది. ఆ తరువాత? తోటలో కూలీకి ఒప్పందము ప్రకారము జీతము ముట్టినదా, జబ్బు పడిననాడు మందు దొరకినదా, దొర చేతి కొరడాకు అడ్డుచెప్పువారుండిరా అను ప్రశ్నలకు తలలెక్కలో గడులు లేవు. పది పదునొకండేండ్లు ఈ సంగతి అధికారుల చెవిని పడలేదు. 1871లో గడువు తీరినవారు కొందరు చెన్నపట్టణము తిరిగివచ్చిరి. జీతములు కోసివేసిరని, కొరడాతో కొట్టిరని వారు రేవులోనే అధికారులకు చెప్పుకొనిరి. ఆ ఫిర్యాదులను భారత ప్రభుత్వము పట్టించుకొనినది. అంతకుముందే ఆగియున్న వలసను, పరిస్థితులు చక్కబడనిదే తిరిగి సాగనీయలేదు. నేటాలు ప్రభుత్వము 1872లో విచారణ సంఘమును నియమింపవలసి వచ్చినది. కొరడా శిక్షను తొలగించి, భారతీయ కూలీల రక్షణకు ఒక అధికారిని ఏర్పరచవలసి వచ్చినది. 1874లో గాని ఓడలు మరల బయలుదేరలేదు. ఆ తరువాత కష్టములు తీరెనని మేము చెప్పము. ఒప్పందపు కూలి పద్ధతి బాధలు తరువాతి తరములను కూడ వెంటాడినవి. కాని ఏ పుస్తకమునకును ఎక్కని ఫలితము, అనుభవించిన మనిషి నోటిమాటతో లెక్కకు ఎక్కినది.

నేడు ఆసుపత్రిలో పారిశుద్ధ్యము, బడిలో భోజనము, వీధిలో చెత్త ఎత్తుట, ఇంటికి నీరు వంటి పనులెన్నో కంట్రాక్టులపై నడుచుచున్నవి. వానికి షరతులు కలవు, తనిఖీలు కలవు, అంకెల పట్టికలు కలవు. ఆ పట్టికను చూచునపుడు పౌరులు వేయదగిన ప్రశ్నలను ఈ ఓడలు నేర్పినవి. పైకము దేనిని లెక్కించి ఇచ్చుచున్నారు? ఆ లెక్క పని మొదట జరుగుచున్నదా, చివర జరుగుచున్నదా? వ్రాయువాని జీతము ఎవరి చేతిలో నున్నది? సేవ పొందినవానిని ఎవరైనను అడిగిరా?

నెప్ట్యూన్ ఓడ కంట్రాక్టులో సరకులకు రసీదు అడిగిరి, మనుష్యులకు అడుగలేదు. ఆ ఒక్క వాక్యము లేకపోవుటవలన ఎందరు సముద్రము పాలైరో చూచితిమి. కంట్రాక్టు కాగితములో వ్రాయని మాటకు సైతము వెల కలదు. ఆ వెల చెల్లించువాడు సాధారణముగా ఆ కాగితముపై సంతకము చేసినవాడు కాడు.